పాత కారు దానము: పన్ను లెక్కయు, పరుల అక్కఱయు

అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున కాపురమున్న మా మేనల్లుని యింట గడచిన శీతకాలమున నేను కొన్ని వారములుంటిని. డిసెంబరు నెల సగము దాటినది మొదలుకొని ఆ వీధిలో ఒక దృశ్యము మాటిమాటికిని కంటబడజొచ్చినది: వెనుకభాగము బల్లపఱుపుగా నుండు పెద్ద ట్రక్కు వచ్చి యేదో యొక యింటి ముందు నిలుచును, డ్రైవరు దిగి, పదిపదునైదేండ్లు వాడిన కారు నొకదానిని గొలుసు తగిలించి పైకి లాగికొనును, ఇంటివారు ఒక కాగితము చేత పుచ్చుకొని, ఆ కారు వీధి మలుపు తిరుగువఱకు చలిలోనే నిలిచి చూతురు. అప్పు తీర్చనందువలన బండ్లను పట్టుకొని పోవుచున్నారేమో యని నేను మొదట తలచితిని. విచారింపగా తెలిసిన దేమనగా, అవి యన్నియు దానములు.

"మామయ్యా, మన పాత కేమ్రీ కూడా ఈ నెలాఖరులోగా ఇచ్చేద్దామనుకుంటున్నాను. రేడియోలో రోజూ చెబుతున్నారుగా, టాక్సు కూడా కలిసొస్తుందట" అని మేనల్లుడనెను. ఆ కలిసివచ్చుట యెంత, ఎవరికి, ఎట్లు అని తెలిసికొనవలెనను కుతూహలము నాకు గలిగి, ఉన్నన్నినాళ్లును అతనితో కూర్చుండి ఆ దేశపు పన్నుల శాఖయైన ఐ.ఆర్.ఎస్. ప్రకటించిన పుస్తకములను చదివితిని. మన తెలుగు కుటుంబములలో బిడ్డలు ఆ దేశమున నున్నవారు ఊరికి నలువురైదుగురు ఉన్న యీ కాలమున, ఆ చదివిన దానిని పంచుకొనుట ఉపయోగకరమని తోచినది.

పద్ధతి మిక్కిలి సులువైనది. దాత టెలిఫోను చేసినను, ఇంటర్నెట్టులో ఒక ఫారము నింపినను చాలును. కొలది దినములలో టో ట్రక్కు వచ్చును, దానికై దాత సాధారణముగా ఏమియు చెల్లింపనక్కఱలేదు. ఇంజను చెడినను, చక్రములలో గాలి దిగి రెండేండ్లుగా గరాజులో మూలబడియున్నను చాల సంస్థలు వలదనవు. వారు ముఖ్యముగా అడుగునది టైటిలు, అనగా ఆ వాహనమునకు యజమాని యెవరో నిర్ధారించుచు రాష్ట్రప్రభుత్వ మిచ్చిన పత్రము. ఆ ట్రక్కు కారును కొనిపోవునది చాలవఱకు ధర్మసంస్థ వాకిటికి కాదు, వేలము జరుగు దొడ్డికి. అచ్చట పాతకార్ల వర్తకులును, విడిభాగములు ఊడదీసి అమ్ముకొనువారును, ఉక్కును తుక్కుగా కొనువారును పాటపాడి కొందురు. వచ్చిన సొమ్ములో ట్రక్కు కూలియు, వేలమువారి రుసుమును, ప్రకటనల ఖర్చును, ఈ వ్యవహారమంతయు నడిపించిన మధ్యవర్తి వాటాయు పోగా మిగిలినదే ధర్మసంస్థకు చేరును. దాత చూచునది మొదటి ఘట్టము మాత్రమే. తక్కినది యంతయు అతని కనుమఱుగున జరుగును. ఈ వ్యవహారములోని మంచిచెడ్డలన్నియు ఆ కనుమఱుగుననే యున్నవి.

ధర్మమునకిచ్చిన దానిని పన్ను లెక్కలో మినహాయించు ఆచారము ఆ దేశమున నూఱేండ్లు దాటినది. మొదటి ప్రపంచ సంగ్రామమున అమెరికా అడుగుపెట్టిన 1917వ సంవత్సరమున, యుద్ధవ్యయమునకై ఆదాయపు పన్ను రేట్లను ఒక్కపెట్టున పెంచినప్పుడు, ఇంత పన్ను కట్టిన సంపన్నులు ఇక కళాశాలలకును అనాథశరణాలయములకును విరాళము లీయరేమో యను భయముతో, న్యూహాంప్‌షైరు సెనేటరగు హెన్రీ హాలిస్ ప్రతిపాదింపగా, ఆదాయములో నూటికి 15 వంతుల వఱకు ధర్మకార్యముల కిచ్చిన మొత్తమును పన్నునుండి విడిచిపెట్టు నియమము ఆ యేటి యుద్ధాదాయ చట్టమున చేరినది. పరిమితులు మాఱినను మూలసూత్రము నేటికిని నిలిచియున్నది. సొమ్మునకు బదులుగా వస్తువునిచ్చినను మినహాయింపు కలదు. కాని సొమ్మునకు విలువ దానిమీదనే ముద్రింపబడియుండును, వస్తువునకు విలువ ఎవరు కట్టవలెను?

పాత కార్ల విషయమున చాలకాలము దాతయే కట్టెను. లాస్ ఏంజెలిసులో లెస్ కెల్లీ యను కార్ల వర్తకుడు 1926లో వెలువరింప నారంభించిన 'బ్లూ బుక్' అను ధరల పట్టిక ఆ దేశమున ఇంటింట తెలిసినది. దాత ఆ పట్టికలో తన కారు మోడలునకు ఎదురుగానున్న అంకెను చూచి, తన కారు ఆ స్థితిలో నున్నను లేకున్నను ఆ అంకెనే పన్ను ఫారములో వ్రాసికొనెడివాడు. అమెరికా కాంగ్రెసు పక్షమున లెక్కలు తనిఖీచేయు జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 2003వ సంవత్సరాంతమున ఈ విషయమును పరిశోధించి ఒక నివేదికను ప్రకటించినది. 2000వ సంవత్సరమునకు సంబంధించి సుమారు 7,33,000 పన్ను రిటర్నులలో కారు దానములకు మినహాయింపు కోరబడినదనియు, దానివలన ప్రభుత్వమునకు తగ్గిన పన్ను సుమారు 65 కోట్ల 40 లక్షల డాలర్లనియు అందు లెక్కతేల్చిరి. మఱియు 54 వాహనములను ప్రత్యేకముగా ఎంచుకొని వాని చరిత్రను చివరివఱకు వెంబడింపగా, మూడింట రెండువంతులలో, దాత తాను వ్రాసికొన్న విలువలో నూటికి 5 వంతులు గాని, అంతకంటె తక్కువ గాని మాత్రమే ధర్మసంస్థకు ముట్టినట్లు తేలినది. వానిలో 1983వ సంవత్సరపు ట్రక్కు ఒకటి వేలములో 375 డాలర్లకు పోయినది. ఖర్చులు పోగా ధర్మసంస్థ చేతికి వచ్చినది ముప్పదియొకటిన్నర డాలర్లు. దాత తన లెక్కలో వ్రాసికొన్నదో, రెండువేల డాలర్లకు పైమాట. ఆ రెండువేలకును ముప్పదియొకటిన్నరకును నడుమ నున్న యగాధమును తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు చివుక్కుమనును. ఏలయన ఆ దాత అసత్యమాడలేదు, పట్టికలో నున్న అంకెనే వ్రాసెను. కాని ఆ అంకెకు తగిన మేలు లోకమున ఎవ్వరికిని జరుగలేదు.

కఠోపనిషత్తున వాజశ్రవసుడు చేసిన గోదానము ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. యాగమున సర్వస్వమును దానము చేయుచున్నానని చెప్పి, ఇక నీరు త్రాగు శక్తియైన లేని, పాలుడిగిన ముసలి గోవులను తోలి యిచ్చుచుండగా, పసివాడైన నచికేతుడు చూచి, ఇట్టివి పుచ్చుకొన్నవారికేమి దక్కును, ఇచ్చినవారికి ఏ లోకము దక్కును అని కలవరపడెను. తండ్రి గోవులను లెక్కించెను. కొడుకు పుచ్చుకొనువాని పాలచెంబును తలచెను. పాత కారు ముసలి గోవు వంటిది కాదు. కదలలేని కారులో సైతము ఉక్కు కలదు, టైర్లు కలవు, ఒకని తుక్కులో మఱియొకనికి కావలసిన భాగము కలదు. కనుక దాని నిచ్చుట దోషము కాదు. దోషమంతయు దానికి పాడియావు వెల కట్టుటలోనే యున్నది.

2004 అక్టోబరు 22వ తేదీన అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ సంతకము చేసిన చట్టము ఈ లెక్కను త్రిప్పివైచినది. 2005 జనవరి మొదలుకొని, 500 డాలర్లకు మించి మినహాయింపు కోరు సందర్భములలో, ధర్మసంస్థ ఆ కారును అమ్మివేసినచో, ఆ అమ్మకపు ధర యెంతయో దాత మినహాయింపు అంతకు మించరాదు. పట్టికలో నాలుగువేలుండవచ్చును, వేలములో 900 పలికినచో మినహాయింపు 900 మాత్రమే. అమ్మకము 500 డాలర్లకు గాని అంతకు లోపుగాని జరిగినచో, బజారు విలువయో 500 డాలర్లో, ఏది తక్కువయైన అది చెల్లును. అమ్మిన ముప్పది దినములలోగా సంస్థవారు 1098-సి అను ఫారమును దాతకు పంపవలెను. అందు వాహనపు గుర్తింపు సంఖ్యయు, అమ్మిన తేదీయు, వచ్చిన ధరయు ఉండును. దాత దాని ప్రతిని తన రిటర్నునకు జతపఱుపవలెను.

అయితే ఆ చట్టమే కొన్ని ద్వారములు తెఱచి యుంచినది. సంస్థ ఆ కారును అమ్మక తన సేవాకార్యములకే విశేషముగా వాడుకొన్నప్పుడును, ఉదాహరణమునకు ఏడాది పొడవున ప్రతిదినము వృద్ధుల యిండ్లకు భోజనము చేర్చుటకు వినియోగించినప్పుడును, గణనీయమైన మరమ్మతు చేయించి విలువను పెంచినప్పుడును, లేక తన ధర్మాశయమున కనుగుణముగా పేదవానికి ఊరకనో, బజారు ధరకంటె బాగుగా తక్కువకో ఇచ్చినప్పుడును, దాత పూర్తి బజారు విలువను మినహాయించుకొనవచ్చును. రంగువేయుట, గీతలు మాపుట, సీట్లు కడుగుట వంటివి మరమ్మతు క్రింద లెక్కకు రావు. ఈ విధముగా కోరు విలువ 5,000 డాలర్లు దాటినచో అర్హుడైన మదింపుదారునిచే విలువ కట్టించి వ్రాతమూలకముగా తీసికొనవలెను. ఈ మూడు ద్వారములను చూచితిరా? మూడింటియందును కారు కారుగానే యొకరికి ఉపయోగపడుచున్నది. ఒక పన్ను చట్టములో ఇంత చక్కని వివేచన యుండునని నేననుకొనలేదు.

కాని చట్టము సగము దారిలో ఆగినదని చెప్పక తప్పదు. దాతకు చెల్లు మినహాయింపు వేలములో పలికిన మొత్తము ధర. ఖర్చులు పోగా ధర్మసంస్థకు మిగిలిన దానితో దానికి సంబంధము లేదు. 900 పలికిన కారులో మధ్యవర్తులు 600 తినివేసినను దాత లెక్క 900 గానే యుండును. కావున ఆ 600 సంగతి అడుగవలసిన బాధ్యత దాత మనస్సాక్షికే మిగిలినది. ఇచ్చుటకు ముందే, 'ఈ కార్యక్రమము మీరే నడుపుచున్నారా, వేఱొక కంపెనీకి అప్పగించితిరా? అమ్మిన ధరలో మీకు చేరు వంతు ఎంత?' అని అడుగవచ్చును. సూటిగా జవాబు చెప్పు సంస్థలు కలవు. పన్ను చట్టములోని 501(సి)(3) అను విభాగము క్రింద గుర్తింపు పొందిన సంస్థయేనా యను సంగతిని ఐ.ఆర్.ఎస్. వారి జాబితాలో వెదకి చూడవచ్చును. దేవాలయములును చర్చీలును ప్రత్యేకముగా దరఖాస్తు పెట్టకయే ఈ హోదా కలిగియుండును గనుక, అచ్చటి మన గుడి పేరు ఆ జాబితాలో కనబడనంత మాత్రమున అనుమానింపనక్కఱలేదు. అయితే స్వదేశములోని గుడికో, బడికో, అనాథాశ్రమమునకో నేరుగా పంపినది ఎంత గొప్ప ధర్మమైనను, అమెరికా పన్ను లెక్కలో సాధారణముగా చెల్లదు.

ఇక పన్ను కలిసివచ్చుటను గూర్చి. 'వేయి డాలర్ల మినహాయింపు' అన్నంతనే వేయి డాలర్లు చేతికి వచ్చునని భ్రమపడువారు చదువుకొన్నవారిలో సైతము పెక్కురున్నారు. మినహాయింపనగా పన్నుకు లోబడు ఆదాయమునుండి ఆ మొత్తము తగ్గుట. పన్నునుండి తగ్గుట కాదు. 22 శాతము రేటు వర్తించువాడు 900 డాలర్ల మినహాయింపు పొందినచో అతనికి మిగులు పన్ను 198 డాలర్లు. అదియైనను అందఱికిని మిగులదు. ఆ దేశమున పన్ను కట్టువానికి రెండు దారులు: ఇంటి అప్పు వడ్డీ, రాష్ట్రపు పన్నులు, విరాళములు మొదలగువానిని పద్దుల వారీగా చూపుకొనుట యొకటి, ఏ పద్దును చూపక, అందఱికిని ప్రభుత్వము ఏకమొత్తముగా ఇచ్చు స్టాండర్డు డిడక్షను పుచ్చుకొనుట మఱియొకటి. ఏది పెద్దదైన దానినే గైకొందురు. 2017వ సంవత్సరాంతపు చట్టము ఈ ఏకమొత్తమును ఇంచుమించు రెట్టింపు చేసినది. 2025వ సంవత్సరమునకు అది ఒంటరివానికి 15,750 డాలర్లు, దంపతులకు 31,500 డాలర్లు. తత్ఫలితముగా నేడు పద్దుల దారి పట్టువారు పదిమందిలో ఒక్కరు మాత్రమే. తక్కిన తొమ్మండుగురు డిసెంబరు 31వ తేదీ రాత్రి కారునిచ్చినను, జనవరిలో ఇచ్చినను, వారి పన్నులో దమ్మిడీ తేడాయైన రాదు. రేడియో ప్రకటనలు ఈ మాటను గట్టిగా చెప్పినచో బాగుండును.

చదువులకై వెళ్లిన మన పిల్లల సంగతి ఇంకను విశేషమైనది. అచ్చటి పన్ను దృష్టిలో నివాసులు కాని విదేశీయులకు సాధారణముగా స్టాండర్డు డిడక్షను లేదు; కాని 1989లో భారతదేశమునకును అమెరికాకును కుదిరిన పన్ను ఒడంబడికలోని 21వ అధికరణము భారతీయ విద్యార్థులకు ఆ హక్కును ప్రత్యేకముగా ప్రసాదించినది. కావున చదువు ముగించుకొని తన పాత హోండాను విడిచి వచ్చు తెలుగు విద్యార్థి, ఆ హక్కును వాడుకొన్నంతకాలము, కారు దానమువలన పన్నులో లాభమును ఆశింపనక్కఱలేదు; లాభము లేకున్నను ఇయ్యదలచిన నిరభ్యంతరముగా ఇయ్యవచ్చును.

2026వ సంవత్సరము నుండి లెక్క మఱికొంత మాఱుచున్నది. పద్దులు చూపువారికి సైతము, ఆదాయములో నూటికి అర వంతు దాటిన విరాళమే చెల్లును. లక్షా యేబదివేల డాలర్ల ఆదాయము గలవానికి మొదటి 750 డాలర్ల దానము లెక్కకు రాదన్నమాట. వేఱొక వంక, పద్దులు చూపనివారికి కొత్తగా ఒంటరివానికి 1,000, దంపతులకు 2,000 డాలర్ల వఱకు విరాళపు మినహాయింపు ఇచ్చుచున్నారు. అయితే అది నగదు విరాళములకే, కార్లకు కాదు. ఈ రెండు నియమములను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా నాకొక ఆలోచన తట్టినది. నడుచుచున్న కారును ఓపికగా తానే అమ్మి, వచ్చిన రెండువేల డాలర్లను సరాసరి ధర్మసంస్థకు నగదుగా ఇచ్చినచో, ట్రక్కు కూలి లేదు, వేలము రుసుము లేదు, మధ్యవర్తి వాటా లేదు. సంస్థకు రెండువేలును ముట్టును, దంపతులకు మినహాయింపును దక్కును. ఓపికయు తీఱికయు ఉన్నవారికి ఇంతకంటె మంచి మార్గము నాకు కనబడలేదు. మన దేశపు చట్టము ఈ మార్గమునే పట్టినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములోని 80జి విభాగము సొమ్ము రూపమున ఇచ్చినదానినే గుర్తించినది గాని వస్తుదానమును గుర్తింపలేదు.

అయినను కారును కారుగానే ఇచ్చుటకు ఒక్క గొప్ప కారణము కలదు, దానిని నేను ఆ దేశమున తిరిగి చూచినందున చెప్పగలుగుచున్నాను. మహానగరములను విడిచినచో అచ్చట బస్సు దొరకుట కష్టము. ఇంటికిని పనికిని నడుమ ఇరువది ముప్పది మైళ్లుండును. బిడ్డను విడిచిపెట్టు చోటు మఱియొక దిక్కున నుండును. కారు లేనివానికి ఉద్యోగము లేదు. ఉద్యోగము లేనివానికి కారు రాదు. ఈ చిక్కుముడిని విప్పుటకే వెర్మాంటు రాష్ట్రపు బర్లింగ్టనులో 1996లో గుడ్ న్యూస్ గరాజ్ అను సంస్థయు, 1999లో మేరీలాండులో వెహికల్స్ ఫర్ చేంజ్ అను సంస్థయు వెలసినవి. దానముగా వచ్చిన కార్లలో బాగుపడదగిన వానిని బాగుచేయించి, తక్కువ ఆదాయముగల కుటుంబములకు అందజేయుట వీరి ముఖ్యోద్దేశము. ఈ రెండవ సంస్థవారు మఱియొక మెట్టు ఎక్కినారు: జైలునుండి విడుదలైనవారికి తమ గరాజులలోనే మెకానికు పని నేర్పి, ఆ చేతులతోనే ఈ కార్లను బాగుచేయించుచున్నారు. ఒక్క పాత కారు ఇద్దఱి బ్రతుకుతెరువునకు ఆధారమగుచున్నది. వీరికిని చేరిన ప్రతి కారును పేదలకు పోదు. బాగుపడనివి వేలమునకే పోవును. అయినను ముందుగా 'ఇది నడుపదగినదా?' అని చూచు కన్ను అచ్చట కలదు.

కాగితముల సంగతి విసుగైనదే గాని విస్మరింపరానిది. టైటిలుపై సంతకము చేయునప్పుడు పుచ్చుకొనువారి పేరు ఖాళీగా విడువరాదు. విడిచినచో ఆ కారు చేతులు మాఱుచు పోయి, ఎవరో చేసిన పార్కింగు తప్పిదమునకో, టోలు బాకీకో నోటీసు పాత యజమాని యింటికి వచ్చును. కాలిఫోర్నియాలో యాజమాన్యము వదలుకొన్నట్లు ఐదు దినములలోను, టెక్సాసులో ముప్పది దినములలోను రాష్ట్రమునకు తెలియజేయవలెను. మేరీలాండులో నంబరు ప్లేట్లను ఊడదీసి ప్రభుత్వమునకు అప్పగించిన పిమ్మటనే ఇన్సూరెన్సు రద్దు చేసికొనవలెను. కారు అప్పు తీఱినను బ్యాంకు పేరు టైటిలుపై మిగిలియుండుట కలదు, దానిని తొలగించుకొనుటకు వారములు పట్టవచ్చును. డిసెంబరు చివరి వారమున తొందరపడువారికి అడ్డము వచ్చునది ఎక్కువగా ఇదియే. కారు డిసెంబరు 31లోగా అప్పగింపబడినచో, అది ఫిబ్రవరిలో అమ్ముడుపోయినను దానము పాత సంవత్సరమునదే.

ఇంత చదివిన పిమ్మట మా మేనల్లుడు రేడియోలో విన్న నంబరును విడిచి, కార్లను పేదలకందించు సంస్థ నొకదానికి టెలిఫోను చేసెను. మొదటి సంస్థవారు అంతకుముందు అతనిని అడిగినవి రెండే ప్రశ్నలు: టైటిలున్నదా, కారెక్కడున్నది? ఈ సంస్థవారు అరగంట మాటలాడిరి. ఎన్ని మైళ్లు తిరిగినది, బ్రేకులు ఎప్పుడు మార్చితిరి, వెనుక సీటు బెల్టులు బిగియునా, హీటరు పనిచేయునా అని యడిగిరి. హీటరు గత సంవత్సరమే చెడినది. కొత్త కారు కొనుచున్నాము గదా యని అతడు దానిని పట్టించుకొనలేదు. టెలిఫోను పెట్టివేసి కొంతసేపు ఊరకుండి, 'పోనీ మామయ్యా, రేపు పొద్దున్నే గరాజుకి తీసుకెళ్లి హీటరు చేయించుకొచ్చేద్దాం' అని తాళపుచెవులు తీసి మేజామీద పెట్టెను. మఱునాడు గరాజునుండి తిరిగి వచ్చునప్పుడు వెలుపల మంచు కురియుచుండెను; కారులో వెచ్చగానుండెను.